చెప్పులేసుకుని ముట్టుకునే మోటరు

ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్లకు జివ్వుమంటుంది. "చెప్పులేసుకొని తియ్యరాదు" అంటుంది ఇంట్లో పెద్దామె. గీజరున్న స్నానాల గదిలో నల్లా తిప్పితే చెయ్యి జిలజిలలాడుతుంది. బోరు దగ్గర స్టార్టరు బటన్ నొక్కాలంటే ఎండు కట్టెపుల్ల కావాలి. ఆ పుల్లను కూడా డబ్బా పక్కనే గోడకు ఆనించి సిద్ధంగా పెట్టుకుంటారు. మీ ఇంట్లోనో, పొలంలోనో వీటిలో ఏ ఒక్కటైనా ఉందా?

ఉంటే, మీరు కరెంటుతో రాజీ పడ్డారన్నమాట. షాక్ ఎందుకు కొడుతోందో వెతకడం మానేసి, కొట్టకుండా ఎలా ముట్టుకోవాలో నేర్చుకున్నారు. కానీ ఆ కిటుకు ఇంటికొచ్చిన చుట్టానికి తెలియదు. తడికాళ్లతో పరుగెత్తే పిల్లకు గుర్తుండదు. పసుపు తవ్వడానికి వేరే ఊరి నుంచి వచ్చిన కూలీకి ఎవరూ చెప్పరు.

ఆర్మూరు, పెర్కిట్, అంకాపూర్, బాల్కొండ చుట్టుపక్కల కరెంటు లేని వ్యవసాయం లేదు. జూన్‌లో పసుపు పెట్టిన దగ్గర నుంచి ఫిబ్రవరి, మార్చిలో కొమ్ములు పాలిష్ పట్టించేదాకా ఏదో ఒక మోటరు తిరుగుతూనే ఉంటుంది. వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక రాత్రిళ్లు బోరు దగ్గర పడుకునే బాధ తప్పింది. పాడైన ఎర్తింగు మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయింది. దీన్ని సరిచేయించడానికి మీరు ఎలక్ట్రీషియన్ కానక్కర్లేదు. ఏమడగాలో, దేనికి ఒప్పుకోకూడదో తెలిస్తే చాలు.

రెండు తీగలు, రెండు పనులు

స్తంభం మీంచి మీ మీటరుకు రెండు తీగలొస్తాయి. ఒకటి ఫేజు, రెండోది న్యూట్రల్. ఫేజులో 230 వోల్టులతో వచ్చిన కరెంటు బల్బు వెలిగించి, ఫ్యాను తిప్పి న్యూట్రల్ గుండా వెనక్కి పోతుంది. న్యూట్రల్ రోజంతా డ్యూటీలో ఉండే తీగ. ఎర్త్ తీగ స్తంభం నుంచి రాదు. దాన్ని మీ పెరట్లో గుంత తవ్వి మీరే తెచ్చుకోవాలి. మామూలు రోజుల్లో అందులో కరెంటు ఉండకూడదు. ఫ్రిజ్‌లోనో మోటరులోనో ఫేజు తీగ తోలు ఊడి ఇనుప ఒంటికి తగిలిన రోజు, మీ ఒంట్లోంచి పోకుండా ఆ కరెంటును భూమిలోకి లాక్కుపోవడమే దాని పని.

శ్రీరాంసాగర్ సంగతి మీకు తెలిసిందే. కాకతీయ కాలువ నీళ్లు పారే దారి, వరద గేట్లు ఆపద నాటి దారి. గేట్లున్నాయి కదా అని కాలువ పూడ్చేస్తామా? కాలువ ఉంది కదా అని గేట్లు పెట్టకుండా ఊరుకుంటామా?

అసలు తిరకాసు ఇక్కడుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కట్టే ఉంచుతారు. అది చూసే చాలామంది "ఆడ రెండూ కలిసే ఉన్నయి గదా, ఈడ కలిపితే ఏమైతది?" అంటారు. అక్కడ కలపాలి, మీ బోర్డులో కలపకూడదు. కలిపితే ఏమవుతుందో కింది తప్పుల్లో కనిపిస్తుంది.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పులు

1. సాకెట్లో జంపరు వేయడం.

మూడు పిన్నుల సాకెట్‌లో పైనున్న లావుపాటి రంధ్రం ఎర్త్‌ది. ఇంట్లో ఎర్త్ తీగే లాగలేదు. కొత్త వాషింగ్ మెషిన్ వచ్చింది. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఎర్త్ లేదంటాడు. పాత ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే సాకెట్ విప్పి, న్యూట్రల్ స్క్రూకూ ఎర్త్ స్క్రూకూ మధ్య జానెడు తీగ ముక్క వేసి బిగిస్తాడు. షాక్ పోతుంది. మీటరు పెట్టి చూస్తే ఎర్త్ ఉన్నట్టే చూపిస్తుంది. అందరూ సంతోషిస్తారు.

గాలివానకు స్తంభం దగ్గర మీ న్యూట్రల్ ఊడిపోయిందనుకోండి. ఇంట్లో ఏదో ఒక బల్బు స్విచ్చు ఆన్‌లోనే ఉంది. ఫేజు ఆ బల్బులోంచి దాటి న్యూట్రల్ తీగలోకి వస్తుంది. వెనక్కి పోయే దారి లేక అక్కడే నిలబడుతుంది. మీరు వేసిన జంపరు గుండా నేరుగా వాషింగ్ మెషిన్ ఒంటికి ఎక్కుతుంది. ఇల్లంతా చీకటి. "కరెంటు పోయింది" అనుకుని మెషిన్‌లోంచి తడిబట్టలు తీయబోతారు. మెషిన్ ఒంటి మీద 230 వోల్టులున్నాయని ఎవరికి అనిపిస్తుంది? లైను రిపేరులో ఫేజు, న్యూట్రల్ అటుదిటు పడ్డా ఇంతే. అప్పుడైతే బల్బు కూడా అడ్డుండదు.

అందుకే ఎర్త్ లేని సాకెట్ కంటే జంపరేసిన సాకెట్ ప్రమాదం. ఎర్త్ లేదని తెలిస్తే కనీసం జాగ్రత్తగా ఉంటాం. జంపరు ఉన్నట్టు నమ్మిస్తుంది.

2. స్టార్టరు దగ్గర బల్బుకు ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడటం.

ఇది మన పొలాల్లో మరీ ఎక్కువ. మోటరుకు మూడు ఫేజులూ వస్తాయి. త్రీఫేజు మోటరుకు న్యూట్రల్ అక్కర్లేదు కాబట్టి ఆ తీగ డబ్బా దాకా లాగరు. కానీ రాత్రి పూట వెలుగు కావాలి. ఒక తీగ ఫేజుకు, రెండో తీగ స్టార్టరు డబ్బా ఎర్త్ బోల్టుకు కట్టి బల్బు పెట్టేస్తారు. బల్బు వెలుగుతుంది, ఏళ్ల తరబడి వెలుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ డబ్బా అడుగున చూడండి. ఎర్త్ తీగ బోల్టు దగ్గర తుప్పు పట్టి పొడిపొడిగా రాలుతుంటుంది. యూరియా సంచి తగిలో, నాగలి తగిలో నేలకు బెత్తెడు పైన తెగి ఉంటుంది. తెగిన రోజు బల్బు ఆరిపోతుంది. రైతు ఏమనుకుంటాడు? బల్బు మాడిందనుకుంటాడు. మార్చడానికి డబ్బా మీద చెయ్యేస్తాడు. పాతకాలపు 100 వాట్ల బల్బయితే ఫిలమెంటు గుండా ఫేజు డబ్బాకు ఎక్కి కూర్చునే ఉంది, దిగే దారి కోసం చూస్తోంది. తడి నేల మీద నిలబడ్డ మనిషే ఆ దారి. ఆయన ఒంట్లోంచి కరెంటు పోతున్నప్పుడు కూడా ఆ బల్బు వెలగదు, ఎందుకంటే మనిషిని చంపడానికి సరిపోయే కరెంటు ఆ బల్బు వెలగడానికి చాలదు. చెయ్యి కండరాలు బిగుసుకుని మనిషి తనంతట తాను వదిలించుకోలేకపోవడానికి 10 నుంచి 16 మిల్లీ ఆంపియర్లు చాలు. 100 వాట్ల బల్బు నిండుగా వెలగాలంటే 400 మిల్లీ ఆంపియర్లకు పైనే కావాలి.

పొలంలో వెలుగు కోసం ఏం చేయాలి? సోలార్ దీపం కొనుక్కోండి. లేదా చార్జింగ్ లైటు. ఇంతకంటే చర్చ అనవసరం.

3. న్యూట్రల్‌కు ఫ్యూజు పెట్టడం.

పాత ఇళ్లలో మీటరు పక్కన రెండు పింగాణీ కటౌట్లుంటాయి, ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి. న్యూట్రల్ ఫ్యూజు ముందు కాలిందా, ఇల్లంతా చచ్చినట్టుంటుంది కానీ ప్రతి హోల్డరులోనూ ఫేజు బతికే ఉంటుంది. న్యూట్రల్ దారిలో విడిగా ఫ్యూజు గానీ, విడిగా స్విచ్చు గానీ ఉండకూడదు. ఆపాలనుకుంటే ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి ఆపే డబుల్ పోల్ స్విచ్చు పెట్టాలి. మీ బోర్డులో రెండో కటౌట్ ఇంకా ఉంటే దాని స్థానంలో లింకు పెట్టించండి. అరగంట పని.

4. న్యూట్రల్ పోయినప్పుడు బోరు పైపుకు తీగ కట్టడం.

ఊళ్లో న్యూట్రల్ తెగింది. లైన్‌మన్ వచ్చేసరికి పొద్దుపోతుంది. ఇంట్లో క్రికెట్ మ్యాచ్. ఎవరో ఒకరు "గా బోరు పైపుకు తగిలియ్యన్నా, ఫుల్లు వెలుగొస్తది" అంటారు. నిజంగానే వస్తుంది. మీ ఇంటి కరెంటంతా ఆ పైపు గుండా భూమిలోకి పోతూ, పైపు చుట్టూ తడి నేలలో వోల్టేజీ పరుచుకుంటుంది. అక్కడ కట్టేసిన బర్రె ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, కాళ్లకు చెప్పులూ ఉండవు. ముందు పోయేది అదే. పక్కింటివాళ్లు అదే బోరు నల్లా పట్టుకుంటే వాళ్లకూ తగులుతుంది. మ్యాచ్ రేపు ఫోన్లో చూసుకోవచ్చు.

"ఎర్తింగుంది, ఎంసీబీ ఉంది, ఇంకేం భయం?"

ఈ ప్రశ్న బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువగా వేస్తారు. జవాబు కోసం చిన్న లెక్క చేద్దాం.

మీ బోరు దగ్గర ఎర్త్ గుంత నిరోధం 30 ఓములు అనుకోండి. ఎండాకాలంలో నిర్వహణ లేని గుంతకు ఇది వింతేమీ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ 5 ఓములు. మోటరు లోపల ఫేజు ఒంటికి తగిలితే భూమిలోంచి పోయే కరెంటు 230ని 35తో భాగిస్తే వచ్చేది, అంటే దాదాపు 6.5 ఆంపియర్లు. మరి మీ 5 హార్స్‌పవర్ మోటరు మామూలుగా నడిచేటప్పుడే ఒక్కో ఫేజులో సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఈ లీకేజీని చూసి ఫ్యూజు ఎందుకు కాలుతుంది? ఎంసీబీ ఎందుకు పడుతుంది? రెండూ హాయిగా కూర్చుంటాయి. స్టార్టరు డబ్బా మీద మాత్రం 6.5ను 30తో హెచ్చిస్తే, దగ్గర దగ్గర 195 వోల్టులు నిలబడి ఉంటాయి.

ఎర్త్ ఉన్నా షాక్ కొడుతోందంటే కారణం సాధారణంగా ఇదే. మన ఊళ్లలో ఎవరి గుంత వారిదే కాబట్టి లీకేజీ కరెంటు మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచి పోవాలి. మట్టి రాగితీగ కాదు.

దీనికి మందు ఆర్‌సీసీబీ. ఫేజులో ఎంత పోయింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది అని ఇది లెక్క చూస్తూనే ఉంటుంది. తేడా వస్తే కన్నుమూసి తెరిచేలోగా కట్ చేస్తుంది. ఇళ్లకు వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ మనిషి ఎంత కరెంటు దాకా చెయ్యి వదిలించుకోగలడో పరీక్షలు చేసి చూశాడు. 1961లో ఇలాంటి పరికరాన్నే ట్రాన్సిస్టరుతో చేసి చూపించాడు. 60 ఏళ్లు దాటినా ఆ డబ్బా ఇంకా మన ఊళ్లలో చాలా మీటరు బోర్డులకు చేరలేదు. ఇంటి ముందు ఆర్చికి పెట్టే ఖర్చులో ఇది ఏ మూలకు?

కొనేటప్పుడు ఈ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి.

1. ఎంసీబీ వేరు, ఆర్‌సీసీబీ వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకండి. ఎంసీబీ తీగల్ని కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని.

2. దాని మీద "టి" అక్షరంతో ఒక బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే మార్చేయండి.

3. బోరు మోటరుకు పొడవాటి కేబులుంటుంది కాబట్టి 30 మిల్లీ ఆంపియర్లది ఊరికే పడుతుంటుంది. అక్కడ 100 మిల్లీ ఆంపియర్ల నాలుగు పోల్స్ రకం అడగండి. ఎర్త్ సరిగా ఉంటే అది చాలు. న్యూట్రల్ రాని త్రీఫేజు లైనులో టెస్ట్ బటన్ పని చేయకపోవచ్చు, ఆ మాట దుకాణంలోనే అడిగి తెలుసుకోండి.

4. ఆర్‌సీసీబీ పెట్టగానే మాటిమాటికీ పడిపోతోందా? "గిది మంచిది కాదు, పీకేద్దాం" అనే మాట రెండో రోజే వినిపిస్తుంది. పీకకండి. ఇంట్లో ఎక్కడో లీకేజీ ఉందని అది చెబుతోంది. లేదా ఒక గది న్యూట్రల్‌ను ఇంకో గది లైనుతో కలిపేశారు. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో ఈ కలగాపులగం బాగా ఎక్కువ. ఒక్కో స్విచ్చు ఆపుతూ వెతికితే దొరుకుతుంది.

ఇంకో మాట. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి తేడా కనిపించదు, అది కాపాడదు. అది ఉంది కదా అని తీగలతో ఆటలాడొద్దు.

ఎర్త్ గుంత: గుట్ట పక్కన ఒక రకం, నల్లరేగడిలో ఇంకో రకం

భారతీయ ప్రమాణాల సంస్థ ఎర్తింగుకు పెట్టిన ప్రమాణం ఐఎస్ 3043. అందులో పైపు ఎర్తింగుకు చెప్పిన కొలతలు గుర్తుంచుకోవడం తేలిక. దాదాపు 40 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు ఉన్న జీఐ పైపు, ఇంటి గోడకు మీటరున్నర దూరంలో. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు, పైన నీళ్లు పోయడానికి గరాటు, మూత. మేస్త్రీ మూడడుగుల రాడ్డు దిగ్గొట్టి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకండి. గుంత పూడ్చేలోపు మీరు అక్కడ నిలబడి చూడాలి. పూడ్చాక ఎవరూ తవ్వి చూపించరు.

ఉప్పు గురించి ఒక మాట. ఉప్పు నిరోధాన్ని తగ్గిస్తుంది, నిజమే. అది ఏటా వానకు కరిగిపోతుంది, ఉన్నన్నాళ్లూ పైపును తింటుంది. ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిదని బస్తాలు కుమ్మరించేవాళ్లున్నారు. ఈ మధ్య బెంటోనైటు మట్టి దొరుకుతోంది. తడి పట్టి ఉంచుతుంది, పైపును తినదు. డబ్బులుంటే అదే నయం.

ఇక నేల సంగతి. ఆర్మూరులో నవనాథ సిద్ధుల గుట్ట వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లకు నాలుగడుగులకే బండ తగులుతుంది. అక్కడ పైపు దిగదు. "బండ పడ్డది సార్, గింతే" అని వదిలేయడం మామూలు. బండ ఉన్నచోట లోతుకు పోలేకపోతే అడ్డంగా పోవాలి. కందకం తవ్వి జీఐ పట్టీని పొడవుగా పరిచి మట్టి కప్పించవచ్చు. లేదా మట్టి దొరికిన రెండు మూడు చోట్ల విడివిడిగా గుంతలు తీసి, అన్నిటినీ ఒకే తీగతో కలిపించవచ్చు. ఆ గుంతలు దగ్గరదగ్గరగా ఉంటే లాభం తక్కువ, కనీసం పైపు పొడవుకు రెట్టింపు దూరం ఉండాలి.

నల్లరేగడి రైతులు "మా భూమిలో తడి ఎప్పుడూ ఉంటది" అని ధీమాగా ఉంటారు. ఏప్రిల్‌లో పోయి చూడండి. పైపు చుట్టూ మట్టి నెర్రెలిచ్చి, వేలు దూరేంత సందు కనిపిస్తుంది. పైపుకూ మట్టికీ మధ్య గాలి. అది ఎర్త్ కాదు, పాతిన పైపు, అంతే. వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోస్తే ఆ సందు పూడుతుంది. పసుపు పాలిష్ పట్టే రోజులు కూడా సరిగ్గా నేల ఎండే రోజులే. అందుకే ఎర్త్ నిరోధాన్ని కొలిపించాలంటే ఎండాకాలంలో కొలిపించండి. ఆగస్టులో కొలిస్తే అందరి గుంతలూ పాసే.

కొలవడం అంటే ఎర్త్ టెస్టరుతో కొలవడం. బల్బు పెట్టి చూడటం కాదు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు నిండుగా వెలిగితే "ఎర్త్ బ్రహ్మాండం" అని సర్టిఫికెట్ ఇచ్చేస్తుంటారు. 50 ఓముల పనికిమాలిన ఎర్త్ మీద కూడా ఆ బల్బుకు 210 వోల్టులు అందుతాయి. వెలుగులో తేడా కంటికి తెలియదు. పైగా ఎర్త్ తీగ ఎక్కడైనా తెగి ఉంటే, ఆ పరీక్ష చేసే క్షణంలో ఇంట్లోని ఇనుప వస్తువులన్నిటికీ ఫేజు ఎక్కుతుంది.

కళ్లంలో పాలిష్ డ్రమ్ము

ఇక్కడ కాసేపు ఆగుదాం. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలయ్యాక సొంతంగా పాలిష్, పొడి యంత్రాలు పెట్టుకోవాలన్న ఆశ చాలామందిలో పెరిగింది. మంచిదే. యంత్రం కొనేటప్పుడు ధర, హార్స్‌పవర్ అడుగుతారు. కేబుల్లో ఎన్ని తీగలున్నాయని అడుగుతున్నారా?

త్రీఫేజు మోటరుకు మూడు తీగల కేబులు వేస్తే డ్రమ్ము తిరుగుతుంది. నాలుగో తీగ ఎర్త్‌ది. అది లేకపోయినా యంత్రం ఆగదు కాబట్టి మొదట మిగిల్చేది దాన్నే. నాలుగు తీగల కేబులే తీసుకోండి. త్రీఫేజు మోటరు ఒంటికి రెండు వేర్వేరు చోట్ల రెండు ఎర్త్ కనెక్షన్లు ఉండాలన్నది నిబంధన. ఒకటి ఊడినా రెండోది కాస్తుందని.

డ్రమ్ము అదురుడుకు కేబులు మోటరు డబ్బాలోకి దూరేచోట రాసుకుపోతుంది. పసుపు దుమ్ము స్టార్టరు లోపల పేరుకుంటుంది, రాత్రి మంచుకు తడిసి లీకేజీకి దారి ఇస్తుంది. డిసెంబరులో, మొదటి కొమ్ములు ఉడకబెట్టకముందే, మెయిన్ ఆపించి డబ్బా విప్పించండి. దుమ్ము ఊదించి, ఎర్త్ బోల్టు తుప్పు గీకించి, కొత్త వాషరుతో బిగించండి. ఈ పనికి సీజన్ మధ్యలో ఎవరికీ తీరిక దొరకదు.

ఎక్స్‌టెన్షన్ బోర్డు గురించి రెండు మాటలే. రెండు తీగల ఫ్లెక్సిబుల్ వైరుకు మూడు పిన్నుల ప్లగ్గు పెడితే ఎర్త్ రాదు. పిన్ను కనిపిస్తుంది, తీగ లేదు. ఇంకా ఘోరం, రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టడం లేదని పై పిన్ను విరగ్గొట్టడం. ఆ పిన్నును పొడుగ్గా చేసింది ఊరికే కాదు. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు తగలాలి, పీకేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలి అని.

న్యూట్రల్ పోతోందని ఎలా తెలుస్తుంది?

పక్క గదిలో ఇస్త్రీపెట్టె పెట్టగానే ఒక బల్బు తగ్గి ఇంకో బల్బు మామూలు కంటే ఎక్కువ వెలిగిందా? సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలుగుతోందా? దాన్ని "రిటర్న్ వస్తున్నది" అని తేలిగ్గా తీసుకోకండి. న్యూట్రల్ ఎక్కడో వదులైంది లేదా తెగింది.

త్రీఫేజు సర్వీసున్న ఇంట్లోనో, వీధి మొత్తానికో న్యూట్రల్ తెగితే ఇంకా చిక్కు. ఒక ఫేజు మీద 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, ఇంకో ఫేజు మీద 100 వాట్ల టీవీ ఉన్నాయనుకోండి. న్యూట్రల్ పోగానే రెండూ 415 వోల్టుల మధ్య వరుసలో చిక్కుకుంటాయి. ఇస్త్రీపెట్టెకు దాదాపు 38 వోల్టులు మిగులుతాయి, టీవీ మీద 375 వోల్టులకు పైగా పడతాయి. ఒకే రాత్రి వీధిలో నాలుగిళ్ల టీవీలు కాలాయని విన్నప్పుడల్లా ముందు అనుమానించాల్సింది ఇదే. కాబట్టి బల్బులు ఎక్కువ తక్కువగా వెలగ్గానే మెయిన్ స్విచ్చు ఆపేయండి. ఫోన్ చేయాల్సిన నంబరు 1912. "కరెంటు లేదు" అనకుండా "న్యూట్రల్ కట్టయినట్టుంది, వోల్టేజీ ఎక్కువ తక్కువవుతోంది" అని చెప్పండి. వచ్చేవాళ్లకు ఏం వెతకాలో తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మాత్రం మీరు ఎక్కకండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైనును ఆపే ఏబీ స్విచ్చు లాగామనుకున్నా ఒక బ్లేడు అతుక్కునే ఉండవచ్చు, పైన 11 వేల వోల్టులు.

ఎలక్ట్రీషియన్‌తో ఎలా మాట్లాడాలి?

మొహమాటమే సగం సమస్య. తెలిసినవాడు, మన ఊరివాడు, ఎట్లా అడుగుతాం? ఇలా అడగొచ్చు:

"అన్నా, జంపరు వద్దు. ఎర్త్ తీగ బోర్డు నుంచి కొత్తగా గుంజు."

"ఏమైతది కాకా, గిన్నేండ్ల నుంచి ఊరంత గిట్లనే ఏస్తున్న."

"ఏసినవు, నాకు తెల్వదా. నాది మాత్రం గుంతదాక తీగ ఎయ్యి. పైసలు ఎంతైతదో చెప్పు."

ఎవరినీ తప్పు పట్టలేదు, వాదన పెట్టుకోలేదు, కావాల్సింది చెప్పారు. ఇంత సులువు. పని అయ్యాక అతనితోనే మల్టీమీటరు పెట్టించి మూడు కొలతలు చూపించమనండి. ఫేజు, న్యూట్రల్ మధ్య సుమారు 230. ఫేజు, ఎర్త్ మధ్య దాదాపు అంతే. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు, ఇంట్లో సామాన్లు నడుస్తుంటే ఇంకాస్త ఎక్కువ. ఫేజు, ఎర్త్ మధ్య 60, 110 అంటూ అంకెలు నిలకడ లేకుండా ఊగుతుంటే ఎర్త్ తీగ ఎక్కడా తగల్లేదు. న్యూట్రల్, ఎర్త్ మధ్య సామాన్లు నడుస్తున్నప్పుడు కూడా ఖచ్చితంగా సున్నా చూపిస్తుంటే సంతోషించకండి, సాకెట్ విప్పించండి. లోపల జంపరు ఉండే అవకాశం ఎక్కువ.

మిగిలినవి చకచకా చెప్పేస్తాను. స్విచ్చు ఫేజు మీదే ఉండాలి, న్యూట్రల్ మీద కాదు. కొత్త వైరింగులో ఎర్త్‌కు పచ్చ తీగ తప్ప ఇంకో రంగు వాడనివ్వకండి. సర్వీసు వైరును మోసే జీఐ తీగకు బట్టల దండెం కట్టకండి, సర్వీసు వైరు తోలు ఎండకు చిట్లితే ఆ దండెమే ఫేజు అవుతుంది. మన పల్లెల్లో తడిబట్టలు ఆరేస్తూ పోయిన ఆడవాళ్ల వార్తలు ఏ వానాకాలమూ తప్పడం లేదు. దండెంగా నైలాన్ తాడు చాలు.

ఇంత చేశాక కూడా ఎవరికైనా తగిలితే

పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ ఆపండి. మెయిన్ దూరమైతే, ఇంటి లైను వరకే, ఎండిన కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో తీగను పక్కకు నెట్టండి. 11 వేల వోల్టుల లైనయితే కర్ర కూడా పనికిరాదు, దూరంగా ఉండి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించండి. మనిషిని విడిపించాక పిలిస్తే పలకడం లేదు, ఊపిరి ఆడటం లేదంటే ఒకరు 108కు ఫోన్ చేయండి. ఇంకొకరు రొమ్ము ఎముక నడిమధ్యన రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కుతూ ఉండండి. అలసిపోతే మనిషిని మార్చుకోండి, అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి. మట్టిలో పూడ్చిపెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం లాంటివాటితో ప్రాణం నిలబెట్టగల మొదటి నాలుగైదు నిమిషాలూ పోగొట్టుకోకండి.

లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. గుండె లయ తర్వాత కూడా తప్పవచ్చు. కరెంటు ఏ చేతికి తగిలింది, ఎక్కడి నుంచి బయటికి పోయింది, మనిషి ఎంతసేపు అతుక్కుని ఉన్నాడు అన్న మూడు సంగతులూ డాక్టరుకు చెప్పండి. తిరిగొచ్చాక, ఆ యంత్రం మళ్లీ ఆన్ చేసేముందు, దాని ఎర్త్ తీగ చివరిదాకా వెతికించండి.